మూడు కలలు, రెండు అరచేతులు

అరచేతులు నేలను అదుముకుంటాయి. వేళ్లు విచ్చుకుంటాయి. మోకాళ్లు మెల్లగా పైచేతులకు ఆనుకుంటాయి. చూపు ముందుకు సాగుతుంది, ఊపిరి ఒక్క తృటి తూగుతుంది, అంతలో పాదాలు నేలను వదిలేస్తాయి! నా పంచప్రాణాలూ బకాసనంలోని ఆ వదిలే క్షణంలోనే ఉంటాయి. అది అందరి ఒంట్లోనూ ఒక్కలా పుట్టదు. వాతం లేస్తే ఒక సొగసు, పిత్తం లేస్తే వేరొక సొగసు, కఫం లేస్తే... ఆగండి, అక్కడికి నెమ్మదిగా వద్దాం.

ఈ రుచి నాకు పట్టించినవాడు ఆయుర్వేద వైద్యుడు వాగ్భటుడు. 'అష్టాంగహృదయం' శారీరస్థానంలో వాత, పిత్త, కఫ దోషాల్లో ఏది మిక్కుటమో దాన్నిబట్టి మనుషుల ప్రకృతులు వర్ణిస్తూ, వాళ్లకు వచ్చే కలలు కూడా చెప్పాడాయన. నాడి చూసే వైద్యులున్నారు, నాలుక చూసే వైద్యులున్నారు. నిద్రలోకి తొంగిచూసిన ఈ వైద్యుణ్ణి కవి అనక ఏమనాలి! వాత ప్రకృతివాళ్లు కలలో కొండలెక్కుతారు, చెట్లెక్కుతారు, ఆకాశంలో తిరుగుతారు. పిత్త ప్రకృతివాళ్లకు కొండగోగులు, మోదుగుపూలు, మెరుపులు, ఉల్కలు కనిపిస్తాయి. కఫ ప్రకృతివాళ్ల కలల్లో తామరలు విరిసిన కొలనులు, బారులు తీరిన పక్షులు, నీటిమబ్బులు. ఆసనాల ఊసు ఆయన ఎత్తలేదు. ఏ ఒంటికి ఏ ఆసనం అన్న పొందిక నేటి గురువులు కూర్చుతున్నది. అయినా ఆ కలలను మనసులో ఉంచుకుని, చేతుల మీద లేచే దేహాన్ని చూడండి. ఎవరి కల వాళ్ల భుజాల్లోంచి తొంగిచూస్తుంది.

కలలో ఎగిరే వాతానికి ఎగరడం ఎవరు నేర్పాలి? ఒళ్లు సన్నం, కీళ్లు చిటపటలాడతాయి, చూపు ఒకచోట నిలవదు. ఆ స్వభావానికి వాగ్భటుడు చెప్పిన పోలికల్లో కాకి ఒకటి. వాత దేహం కాకాసనంలోకి ఒక్క ఉదుటున ఎగిరి వాలుతుంది, వాలినంత వేగంగానూ జారిపోతుంది. ఈ దేహానికి కావలసింది ఆనిక. గోరువెచ్చని నువ్వుల నూనె ఒళ్లంతా పట్టించి, అరచేతులు మాత్రం శుభ్రంగా తుడిచి, నిలుచుని చేసే ఆసనాలతో కాళ్లకు నేలను బాగా పరిచయం చేసి, వేలి కుదుళ్లు ఒక్కొక్కటిగా నాటుకున్నాక అప్పుడు లేవనివ్వండి. వణుకు అణుగుతుంది. రెప్పల అలజడి తగ్గుతుంది. ఆహా, గాలి కుదురుకుని కూర్చుంది!

పిత్తం సంగతి వేరు. అది శూరుడి ప్రకృతి, అభిమానధనుడి ప్రకృతి. అష్టావక్రాసనం చెయ్యమంటే కాళ్లను భుజానికి మెలిపెట్టి కత్తిదూసినట్టు పక్కకు చాపుతుంది. మయూరాసనం చూస్తే మరీ మోజు. తిరుమల అర్చనకు ఆధారమైన వైఖానస సంప్రదాయంలోని 'విమానార్చనకల్పం' కూడా వర్ణించిన పాత ఆసనమది. మోచేతులు నాభికి అటూ ఇటూ ఆనించి దేహాన్ని దండంలా లేపితే, కాలకూటాన్నైనా అరిగించేంత జఠరాగ్ని రగులుతుందని 15వ శతాబ్దపు 'హఠయోగప్రదీపిక' అంటుంది. నిప్పు పుష్కలంగా ఉన్నవాళ్లకు ఇంకా నిప్పెందుకు? అందుకే శరత్తులో, పిత్తం ప్రకోపించే రోజుల్లో నెమలిని కాస్త విశ్రమించనివ్వాలి. మిగతా కాలంలోనైనా వేకువ చల్లదనంలో, పళ్లు బిగించకుండా, వాగ్భటుడు వ్యాయామానికి గీసిన సగం బలం గీత దగ్గర ఆగాలి. పొంగు మీదున్న పాలను చప్పున దించినట్టు, ఇంకా నిలవగలిగి కూడా దిగిపోవడంలో ఎంత రాజసం!

ఇక కఫం. ఈ దేహాలకు చేతి ఆసనాలు అచ్చిరావని యోగశాలల్లో ఒక మాట వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. వాగ్భటుడి వర్ణన మళ్లీ చదవండి. పొడవాటి చేతులు, వెడల్పైన నిండు రొమ్ము, చక్కగా అతికిన కీళ్లు, మబ్బులా మృదంగంలా మోగే గొంతు. చేతుల మీద నిలవడానికి ఇంతకన్నా మంచి చేతులు ఎక్కడ దొరుకుతాయి? బరువు, మాంద్యం, స్థిరత్వం అనే గుణాలు కూర్చున్నచోటే కూర్చోబెడతాయి గనక మొదటి కదలిక మాత్రం కష్టం. చలికాలమంతా పేరుకున్న కఫం ఎండకు కరిగే వసంతంలో, తెల్లవారుజామున, వరసగా సూర్యనమస్కారాలు చేయించి, నుదుట చెమట ఆరకముందే బకాసనానికి దించండి. మొదట పాదాలు కదలవు. మళ్లీ కదలవు. తర్వాత ఆ నిండు రొమ్ము ముందుకు ఒరుగుతుంది, నడుము మబ్బులా ఉబ్బుతుంది, బరువంతా భుజాల మీదికి వచ్చి చేరుతుంది, మడమలు తేలుతాయి, బొటనవేళ్లు తేలుతాయి, లేచింది! సన్నటి ఒళ్లు లేస్తే ముచ్చటపడతాం. ఇంతటి భారం తేలిపోతే ఒళ్లు జలదరిస్తుంది. ఏనుగుకూ హంసకూ కూడా కఫ ప్రకృతినే పోలిక చెప్పాడు వాగ్భటుడు. ఆ రెండు పోలికలూ ఒకే శ్లోకంలో ఎలా ఇమిడాయో ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది. పైగా కఫం ఒకసారి లేచిందంటే దిగడానికి తొందరపడదు. ఊపిరి దీర్ఘంగా, తీరికగా నడుస్తుంది.

ఒట్టి వాతం, ఒట్టి కఫం ఎక్కడో గాని దొరకవు. దోషాలు సమంగా ఉన్న ప్రకృతి శ్రేష్ఠం, రెండు దోషాలు కలిసినది నింద్యం అన్నాడు వాగ్భటుడు. ఆరోగ్యం విషయంలో ఆయన మాటే మాట. రసం విషయానికొస్తే నేను ఆ నింద్యుల పక్షమే! వాతకఫాలు కలిసిన దేహం టిట్టిభాసనానికి దిగడం చూడండి. కాళ్లు రెక్కల్లా చాచడంలో గాలి తొందర, తొడల బరువు చేతుల మీద పరచుకోవడంలో నీటి నిదానం. ఒకటి లేపుతుంది, ఒకటి నిలుపుతుంది. ఆ పెనుగులాటలోంచి మోచేతులు నిటారుగా సాగే ఘడియ కోసం ఎంతసేపైనా కాచుకోవచ్చు. అలాంటి ఒంటికి ముందు కాస్త నూనె, తర్వాత కాస్త చెమట, ఆపైన టిట్టిభం. ఈ వరసలో చేయించి, ఎదురుగా కూర్చుని చూడండి.