తెలుగు యానిమేషన్ డబ్బింగ్: పాఠ పరిష్కరణ సమస్యలు

పిల్లల యానిమేషన్ ధారావాహికల తెలుగు డబ్బింగ్ పాఠం పరిశోధకుల దృష్టికి రాకముందే కనుమరుగవుతున్నది. 2004 డిసెంబరులో భారతదేశంలో ప్రసారాలు ప్రారంభించిన డిస్నీ చానళ్లు తెలుగులోనూ వినిపించాయి. 2009లో సన్ నెట్‌వర్క్ తెలుగు పిల్లల కోసం ఖుషి టీవీని ప్రారంభించింది. అందులో వచ్చిన డోరా వంటి ధారావాహికల సంభాషణలు అచ్చు రూపంలో లేవు. అంతర్జాలంలో లభించేవి ఎక్కువగా ప్రేక్షకులు ఇళ్లలో నమోదు చేసుకున్న ప్రతులే.

ఒకే దృశ్యానికి పలు భాషల శ్రవ్యమార్గాలు జతచేయడం బహుభాషా చానళ్ల పద్ధతి. తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళం ఇరుగుపొరుగున వినిపించే సికింద్రాబాదు కార్ఖానా వంటి ప్రాంతంలో ఏ ఇంట ఏ భాష పలకాలో రిమోటే నిర్ణయిస్తుంది. నమోదైన ప్రతిలో నిలిచేది ఆ ఇంటివారు ఎంచుకున్న భాష ఒక్కటే. బొమ్మ ఇతర దేశాల డీవీడీలలో దొరుకుతుంది. తెలుగు మాట మరెక్కడా దొరకదు.

ఈ మాటను కాపాడుతున్నవారు ఔత్సాహికులు. వారి శ్రమ గొప్పది, పద్ధతి మాత్రం ప్రశ్నించదగినది. మసక ప్రతిలోని తెలుగు ధ్వనిని స్పష్టమైన విదేశీ దృశ్యానికి అతికి దానిని పునరుద్ధరణ అంటున్నారు. సెకనుకు 24 చట్రాల చిత్రాన్ని 25 చట్రాల ప్రసారంలో నడిపితే గొంతు సుమారు 4 శాతం వేగం పుంజుకుంటుంది, శ్రుతి హెచ్చుతుంది. అతుకు కుదరడానికి ఆ ధ్వనిని మళ్లీ సాగదీస్తారు. ఇది చిన్న చిక్కు. ప్రసారంలో కత్తిరించిన సన్నివేశానికి తెలుగు దొరకని చోట ఆంగ్ల ధ్వనిని నింపి, ఆ సంగతి ఎక్కడా తెలుపకపోవడం అసలు చిక్కు. డోరా మూలంలో ఆంగ్లం మధ్య స్పానిష్ మాటలు వస్తాయి. అనేక దేశాల అనువాదాలలో ఆ స్థానాన్ని ఆంగ్లం ఆక్రమించింది. అనువాదకుని నిర్ణయం తేటపడేది సరిగ్గా అక్కడే. అతికిన ప్రతిలో వినిపించే ఆంగ్లం అనువాదకుడు ఉంచినదో, అతికినవారు నింపినదో తేల్చడం ఎట్లా? రేపటి పరిశోధకుడు దానిని భాషామిశ్రణానికి ఉదాహరణగా చూపే ప్రమాదమున్నది.

బ్రౌన్ కడపలో పండితులచేత ప్రతులను సరిపోల్చి పాఠాంతరాలు నమోదు చేయించిన పద్ధతి తెలుగు శాఖలకు కొత్త కాదు. ఇక్కడా అదే అవసరం. మూలప్రతిని ముట్టకుండా ఉంచి, అతికిన ప్రతి ముక్కకూ చానల్, తేదీ, ఆధారం రాయాలి. శుభ్రత పేరిట చానల్ చిహ్నాన్ని, ప్రకటనలను తొలగించడం తాళపత్ర గ్రంథపు చివర లేఖకుడు రాసిన వివరాన్ని చింపివేయడమే. కాలనిర్ణయానికి అంతకు మించిన సాక్ష్యం ఈ ప్రతులలో అరుదు.

సేకరణ వ్యక్తుల చేతుల్లోనే మిగలడానికి చట్టమూ కొంత కారణం. పుస్తకాలను గ్రంథాలయాలకు సమర్పించాలన్న 1954 చట్టం టెలివిజన్‌కు వర్తించదు. ఫ్రాన్సు 1992లోనే ప్రసారాలకు అటువంటి నిబంధన చేసింది. మన కాపీరైట్ చట్టం 52(1)(ఎన్) వాణిజ్యేతర ప్రజాగ్రంథాలయం సంరక్షణ కోసం డిజిటల్ ప్రతి దాచుకోవడాన్ని అనుమతిస్తుంది, అయితే డిజిటల్ కాని ప్రతి అప్పటికే ఆ గ్రంథాలయంలో ఉండాలి. ఉపగ్రహ ప్రసారాన్ని నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నవారికి ఈ వెసులుబాటు అక్కరకు రాదు. పాత వీడియో క్యాసెట్ల విషయంలో వాదనకు చోటున్నది. కనుక తెలుగు శాఖలు అంతర్జాల ప్రతులకన్నా ముందు, ఇళ్ల అటకలపై ఉన్న క్యాసెట్లను బూజు పట్టకముందే గ్రంథాలయాలకు చేర్పించవలసి ఉన్నది.