కళ్లకు కట్టిన కథ

కథ బాగా చెప్పినవాణ్ని మనవాళ్లు ‘కళ్లకు కట్టినట్టు చెప్పాడు’ అని మెచ్చుకుంటారు. ఆ మాటను అక్షరాలా నిజం చేసే వస్తువు నా తలకెక్కింది బాసరలో. మా అక్క మనవరాలికి అక్షరాభ్యాసం. పొద్దున్నే గోదావరిలో మునిగి, జ్ఞాన సరస్వతి గుడిలో పంతులుగారు పిల్ల చెయ్యి పట్టి పలక మీద ఓం దిద్దించాక, సత్రానికి వచ్చి పులిహోర తిని నడుం వాల్చాం. అక్క చిన్నకొడుకు అక్కడి ట్రిపుల్ ఐటీలోనే చదువుతున్నాడు. స్నేహితుణ్ని అడిగి తెచ్చిన వీఆర్ హెడ్‌సెట్ సంచిలోంచి తీశాడు.

గుహలో నిధి వెతికే ఆట. నాలుగు నిమిషాలు నోరు తెరుచుకుని చూశాను. తల ఎత్తితే గబ్బిలాలు, వంచితే నీళ్లు. ఆ తర్వాత మెట్లు దిగడం మొదలుపెట్టానో లేదో సత్రం గచ్చు నా కాళ్ల కింద ఊగింది. పులిహోర గొంతు దాకా వచ్చింది.

“ఏమైంది మామా, తలకాయ తిరుగుతున్నదా? జర కూసో” అని వాడే పెట్టె ఊడదీశాడు.

సాహసకథల ఆటలకు ఈ పెట్టె పనికొస్తుందా అన్న వాదన అక్కడ మొదలైంది. వాడు వస్తుందన్నాడు. నాకేమో పటం కథ గుర్తొచ్చింది.

మా చిన్నతనంలో సిరిసిల్ల వైపు సాలోళ్ల వాడకట్టుకు కూనపులి వాళ్లు వచ్చేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పడం వాళ్ల హక్కు, వాళ్ల జీవిక. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథకు ఒక పటం, ఆ పటానికి చెప్పేవాళ్లు వేరు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకి పడగల వాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలి వాళ్లు. భావనారుషి కథ ఏ వీడియో గేముకూ తీసిపోదు. తామరతూడు నారతో నూలు తీసి లోకానికి మొదటి బట్ట నేసినవాడు ఆయన. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు, పులినెక్కి కాలవాసురుడితో పోరాడాడు.

పటం రాసేది చేర్యాల నకాషీ చిత్రకారులు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పూతల మీద పూతలు పట్టిస్తారు. అది ఆరాక గట్టిపడుతుంది కానీ విరగదు, చాపలా చుట్టుకుంటుంది. ఎర్రటి నేల మీద బొమ్మలు, గడికీ గడికీ మధ్య పూలపట్టీ. 3 అడుగుల వెడల్పు పటం కొన్నిసార్లు 40, 50 అడుగుల పొడవుకు కూడా పోతుంది.

అసలు నేర్పు చెప్పడంలో ఉంది. రెండు గుంజల మధ్య పటం వేలాడుతుంది. ఒక గడి కనిపిస్తుంటే తర్వాతి గడి చుట్టలోనే ఉంటుంది. కథకుడి చేతిలో పుల్ల. పుల్ల ఎక్కడ ఆగితే వాడకట్టు చూపంతా అక్కడ ఆగుతుంది. పులి నోరు తెరిచిన గడి దగ్గర రాగం సాగదీస్తాడు, వంతపాడేవాడు అడ్డుప్రశ్న వేస్తాడు, ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి మీద ఒక ఛలోక్తి పడుతుంది. అప్పటిదాకా చుట్ట కదలదు. చూసేవాడు కూర్చున్నచోటే కూర్చుంటాడు, నడిచేది బట్ట ఒక్కటే. ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మధ్యదారి ఎవరూ గీయరు. ఆ దారి మన బుర్రలోనే పడుతుంది.

నా పులిహోర కష్టానికి కారణం అక్కడే దొరుకుతుంది. ఆటలో నడుస్తుంటే కళ్లు ‘కదులుతున్నాం’ అంటాయి, లోపలి చెవిలోని తూకం ‘కూర్చునే ఉన్నాం’ అంటుంది. రెంటికీ పొత్తు కుదరక కడుపు తిప్పుతుంది. హెడ్‌సెట్ ఆటలు తయారుచేసేవాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం ఏమిటో మేనల్లుడే చెప్పాడు: నడిపించడం మానేసి, చూపించిన చోటికి ఒక్క గెంతులో చేర్చడం, మధ్యలో రెప్పపాటు చీకటి. “అది పటం చుట్టడమే కదరా” అన్నాను. వాడు ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు.

1993లో వచ్చిన మిస్ట్ అనే ఆటను చూసినా నాకు ఇదే అనిపిస్తుంది. నిర్మానుష్యమైన దీవి, ఒకదాని తర్వాత ఒకటిగా నిలిచిన బొమ్మలు, ఒక్కో నొక్కుకు ఒక్కో గడి. 2020లో అదే దీవి హెడ్‌సెట్‌లోకి వచ్చింది. దానికన్నా ముందు, 1970లలో, విల్ క్రౌథర్ అనే గుహలు తిరిగే ప్రోగ్రామరు రాసిన కొలోసల్ కేవ్ అడ్వెంచర్‌లో బొమ్మే లేదు, వట్టి మాటలు. ఈ జాతి ఆటలకు ‘అడ్వెంచర్’ అన్న పేరు పడింది దాని నుంచే. సాహసకథకు కావలసింది చుట్టూ చూపించే అద్దాలు కావని పుట్టుకలోనే రుజువైంది.

మరి పెట్టె దండగేనా? కాదు. చేతులున్నాయి. పొద్దున గుడిలో అక్షరం పిల్లకు కంటితో రాలేదు, పంతులుగారి చేతిలోని తన చేతితో వచ్చింది. సాహస ఆటల్లో సగం తాళాలు, సొరుగులు, చక్రాలు, మూతలు. వాటిని మౌస్‌తో నొక్కడం వేరు, రెండు చేతులతో పట్టుకుని తిప్పడం వేరు. ది రూమ్ వీఆర్ లాంటి ఆటలో మనిషి ఒకచోటే నిలబడి మర్మాల పెట్టెను నలువైపులా చూసి, తాళంచెవి తిప్పి తెరుస్తుంటే ఆ సుఖం తెర మీద రాదు. 2018 నాటి మాస్‌లో ఇంకో తమాషా ఉంది. చిట్టెలుక సాహసం చేస్తుంటుంది, మనం బొమ్మరిల్లు ముందు కూర్చున్నట్టు వంగి చూస్తుంటాం. మన వాడకట్టు ప్రేక్షకుడి జాగా అదే.

చిక్కులు మాత్రం చిన్నవి కావు. చుట్టూ చూసే స్వేచ్ఛ ఇచ్చాక కథ తూర్పున నడుస్తుంటే ఆటగాడు పడమటి గోడ మీద బల్లిని చూస్తుంటాడు. పుల్ల పట్టే మనిషి లేడు కాబట్టి వెలుగుతో, చప్పుడుతో చూపును లాక్కురావాలి. ఇలాంటి ఆటల నిండా ఉత్తరాలు, డైరీలు. అర కిలో బరువు ముక్కు మీద మోస్తూ అవి చదవడం శిక్ష. చిక్కుముడి విప్పడానికి కాగితం మీద గీసుకుందామంటే కాగితం కనపడదు. అన్నిటికన్నా, పక్కవాడు లేడు. పటం ముందు “ఇప్పుడు రాక్షసుడు దొరుకుతడు సూడు” అని మోచేత్తో పొడిచేవాడు కథలో సగం.

నా తీర్పు ఇది. ఒకచోట నిలిచి చేతులతో విప్పే సాహసానికి హెడ్‌సెట్ చక్కగా సరిపోతుంది, గడిగడిగా గెంతే కథకూ సరిపోతుంది. దేశాలు పట్టి తిరిగే పొడుగు కథను మాత్రం మామూలు తెర మీద, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని ఆడటమే మేలు. కొత్తవాళ్లు కుర్చీలో కూర్చుని పావుగంటతో మొదలుపెట్టండి. భోజనం అయిన వెంటనే వద్దు.

సాయంత్రం రైలుకు బయల్దేరేటప్పుడు అక్షరాభ్యాసం పిల్ల ఆ పెట్టె కావాలని ఏడ్చింది. మెటా కంపెనీ తన హెడ్‌సెట్లకు పెట్టిన కనీస వయసు 10 ఏళ్లు. ఈ పిల్లకు నాలుగు. ఈలోగా కూనపులి వాళ్లు ఎవరైనా కరీంనగర్ వైపు ఇంకా పటం విప్పుతున్నారేమో వాకబు చేస్తున్నాను. మీ ఊరికి వస్తే ఒక కబురు పెట్టండి.