ప్రేక్షకుల జ్ఞాపకాలు – జేమ్స్ బ్రౌన్ ప్రదర్శన

ఒక ప్రదర్శకుణ్ణి కళ్లారా చూసినవాళ్లు చెప్పే మాటలకు మన కళావిమర్శలో సాధారణంగా విలువ లేదు. పుస్తకమైతే మన ముందు ఉంటుంది, చిత్రమైతే గోడకు వేలాడుతుంది. ఆట ముగిసి తెర దించేస్తే వేదికమీద మిగిలేదేమీ లేదు. ఉన్నదల్లా చూసినవాళ్ల తలల్లో ఉంటుంది. అది అభిమానంకొద్దీ పెంచి చెప్పేదని పండితులు కొట్టిపారేస్తారు. అభిమానులేమో అదే వేదవాక్కంటారు. ఈ రెండు పద్ధతులూ సరైనవి కావని నా అభిప్రాయం. ప్రేక్షకుల జ్ఞాపకం ఒక సాక్ష్యం. సాక్ష్యాన్ని పారెయ్యకూడదు, ప్రశ్నించకుండా ఒప్పుకోనూకూడదు.

ఈ విషయం పరిశీలించటానికి నేను అమెరికా నల్లజాతి గాయకుడు జేమ్స్ బ్రౌన్‌ను (1933–2006) ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఫంక్ అనే సంగీతరీతి రూపు కట్టింది ముఖ్యంగా అతని బృందంలోనే. రాగం వెనక్కు తగ్గి లయ ముందుకు రావటం, గిటారూ బాకాలూ కూడా డ్రమ్ము చేసే పనే చెయ్యటం, ప్రతి ఆవర్తంలోనూ మొదటి దెబ్బమీద బరువంతా వెయ్యటం ఈ రీతి లక్షణాలు. 1965లో వచ్చిన "పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బాగ్", 1967లో వచ్చిన "కోల్డ్ స్వెట్" పాటల్లో ఇది స్పష్టంగా వినిపిస్తుంది. నేనతని ప్రదర్శన ఎన్నడూ చూడలేదు. రికార్డులు విన్నాను, ఫిల్ములు చూశాను, చూసినవాళ్లు రాసుకున్నవీ అతని పక్కన వాయించినవాళ్లు రాసుకున్నవీ చదివాను. ఈ రెండు రకాల జ్ఞాపకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలే విషయాలే ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నాను.

చూసినవాళ్లు చెప్పేదేమిటి? చాలామంది పాటలకన్నా ముందు చెమట గురించి చెబుతారు. ఇస్త్రీ చెదరని సూటుతో వేదికమీదికి వచ్చిన మనిషి ఆట ముగిసేసరికి తడిసి ముద్దయ్యేవాడు. ఒంటికాలిమీద వేదిక ఒక చివరినుంచి మరొక చివరికి జారిపోయేవాడు. "ప్లీజ్, ప్లీజ్, ప్లీజ్" అనే పాట మధ్యలో మోకాళ్లమీద కూలబడేవాడు. అప్పుడు డానీ రే అనే వ్యాఖ్యాత వచ్చి, అతని భుజాలమీద ఒక పొడుగాటి పైవస్త్రం కప్పి, లేవదీసి, ఓదారుస్తూ లోపలికి నడిపించుకుపోయేవాడు. నాలుగడుగులు వేశాక బ్రౌన్ ఆ వస్త్రాన్ని విదిలించి పారేసి మళ్లీ మైకు దగ్గిరికి పరిగెత్తుకొచ్చేవాడు. ఇది ఒకసారి కాదు, వరసగా రెండుమూడుసార్లు జరిగేది. 1964లో తీసిన "ది టామీ షో" ఫిల్ములో ఈ ఘట్టాన్ని ఇప్పటికీ చూడవచ్చు.

ఇదంతా నటన అని హాల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. రేపటి ఆటలోనూ కూలబడతాడనీ, మళ్లీ లేస్తాడనీ తెలుసు. అయినా కేకలు పెట్టారు, ఏడ్చారు. పద్యనాటకానికి వన్స్‌మోర్ కొట్టిన మనవాళ్లకు ఇందులో వింత ఏమీ కనిపించదు. వేషం కట్టినవాడు నిజం కాటికాపరి కాడని తెలిసే మనవాళ్లూ కంట తడిపెట్టారు. అందుచేత ప్రేక్షకులు మోసపోయారనటం తెలివితక్కువ విమర్శ. వాళ్లు ఆ నటనలో దేన్ని గుర్తుపట్టారన్నది అసలు ప్రశ్న.

దీనికి జవాబు కావాలంటే ఆ హాళ్లలో కూచున్నదెవరో చూడాలి. న్యూయార్కు హార్లెంలో అపోలో, చికాగోలో రీగల్, వాషింగ్టన్‌లో హోవర్డ్, బాల్టిమోర్‌లో రాయల్ – ఇవి నల్లవాళ్ల పేటల్లోని థియేటర్లు. టిక్కెట్టు కొన్నవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్ల ఇళ్లలో పనిమనుషులు, స్టేషన్లలో సామాన్లు మోసేవాళ్లు, ఫాక్టరీ కూలీలు, వాళ్ల పిల్లలు. బ్రౌన్ కూడా అక్కడినుంచి వచ్చినవాడే. దక్షిణ కరోలినాలో కడుబీదరికంలో పుట్టి, జార్జియాలోని ఆగస్టా పట్నంలో పెరిగాడు. పత్తి ఏరాడు, బూట్లు తుడిచాడు, చిల్లర డబ్బులకోసం సిపాయిల ముందు చిందులు వేశాడు, పదహారేళ్ల వయసులో దొంగతనం కేసులో జైలుకు పోయాడు. "వినోద వ్యాపారంలో అందరికన్నా కష్టపడే మనిషి" అన్న బిరుదు అతనికి ప్రకటనల పుణ్యమా అని వచ్చిందే కావచ్చు. కాని ఆ బిరుదును నిలబెట్టింది మటుకు ప్రేక్షకులు. కష్టమంటే ఏమిటో తెలిసినవాళ్లు వాళ్లు. రోజంతా వాళ్లు కార్చిన చెమటకు యజమాని దగ్గిర మర్యాద లేదు. ఇక్కడ అదే చెమట దీపాల వెలుగులో మెరుస్తూ, చప్పట్లు అందుకుంటున్నది. "ఇక చాలు, పద" అన్నవాడి చెయ్యి విదిలించుకుని మళ్లీ నిలబడుతున్నది. అభిమానులు దశాబ్దాల తరవాత కూడా పాటలకన్నా చెమటనే ముందు చెప్పటంలో ఇంత అర్థం ఉందని నేననుకుంటాను.

ప్రేక్షకుల సాక్ష్యానికి బలమైన రుజువు ఒకటి రికార్డు రూపంలోనే ఉంది. 1962 అక్టోబరు 24న, బుధవారం రాత్రి, బ్రౌన్ అపోలో థియేటర్లో తన ప్రదర్శనను రికార్డు చేయించాడు. క్యూబాచుట్టూ అమెరికా నౌకాదళం దిగ్బంధం అమల్లోకి వచ్చిన రోజు అది. అణుయుద్ధం వస్తుందా రాదా అని ప్రపంచం ఊపిరి బిగబట్టి ఉంది. కింగ్ రికార్డ్స్ యజమాని సిడ్ నాథన్ ఈ రికార్డుకు డబ్బు పెట్టనన్నాడు. ఈ పాటలన్నీ ఇదివరకే అమ్మాం, మళ్లీ ఎవరు కొంటారని అతని లెక్క. బ్రౌన్ తన సొంత డబ్బు 5,700 డాలర్లు పెట్టాడు. 1963లో విడుదలైన ఆ రికార్డు బిల్‌బోర్డ్ పత్రిక జాబితాలో రెండవ స్థానందాకా వెళ్లి, 66 వారాలు నిలిచింది. కొన్ని రేడియో స్టేషన్లు పాటలు విడదీయకుండా ఒక పక్కంతా వేసేవి.

నాథన్ లెక్క ఎక్కడ తప్పింది? పాటలు పాతవే. కొత్తది జనం. "లాస్ట్ సమ్‌వన్" అనే పాట అందులో పది నిమిషాలకు పైగా సాగుతుంది. బ్రౌన్ ఒక మాట అని ఆగుతాడు. హాలులోనుంచి ఆడవాళ్ల కేకలు వస్తాయి. ఆ కేక ఎంత ఎత్తున ఉంటే అతని తరవాతి మాట అంత ఎత్తున లేస్తుంది. ఒకచోట గొంతు బాగా తగ్గిస్తాడు, జనం తామై ఆ ఖాళీ నింపుతారు. వింటూ ఉంటే జనం కూడా ఆ బృందంలో ఒక వాద్యమేనన్న సంగతి తెలిసిపోతుంది. "మేము లేకపోతే ఆ ఆట లేదు" అనే అభిమానుల మాటను అతిశయోక్తిగా కొట్టిపారేసే పండితులు ఈ రికార్డు వినాలి. ఆ జనం టిక్కెట్టు కొని వచ్చారు, కూలి లేకుండా పనిచేశారు, ఆనక తమ కేకలున్న రికార్డును తామే డబ్బిచ్చి కొనుక్కున్నారు. పెట్టుబడిదారీ సమాజంలో సంస్కృతి సరుకుగా మారే తీరుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అయితే ఆ సరుకులో జనం గొంతు బతికే ఉన్నదన్న సంగతి కూడా మరవకూడదు.

ఇక ఈ జ్ఞాపకాల్లో లేనిదేమిటో చూద్దాం. అభిమానుల కథనాల్లో వేదికమీద తరచూ ఒక్క మనిషే కనిపిస్తాడు. వెనక ఉన్న పదిపన్నెండుమంది కనిపించరు.

వాళ్లు రాసుకున్నది వేరుగా ఉంటుంది. ట్రాంబోన్ వాయించిన ఫ్రెడ్ వెస్లీ 2002లో, శాక్సఫోన్ వాయించిన మేసియో పార్కర్ 2013లో తమ ఆత్మకథలు ప్రచురించారు. బ్రౌన్ బృందంలో జరిమానాల పద్ధతి ఉండేది. స్వరం తప్పితే జరిమానా, బూటు మెరవకపోతే జరిమానా, సూటు నలిగితే జరిమానా. ఆట ఆపకుండానే, నాట్యం చేస్తూనే, తప్పు చేసినవాడివైపు అతను వేళ్లు విప్పి చూపించేవాడు. ఒక్కొక్కసారి విప్పిన చెయ్యికి అయిదు డాలర్లు. ఆ చేతి విసురు కింద కూచున్నవాళ్లకు నాట్యంలో భాగంగానే కనిపించి ఉంటుంది, దానికీ చప్పట్లు కొట్టి ఉంటారు. వెనక ఉన్నవాడికి మాత్రం అది జీతంలో కోత. ఒకే సైగకు వేదికముందు ఒక అర్థం, వేదికమీద ఇంకొక అర్థం! ఈ రెండు జ్ఞాపకాలూ కలిపి చదవకపోతే ఆ ప్రదర్శన మనకు సగమే తెలిసినట్టు.

1970 మార్చిలో ఇది ముదిరింది. జార్జియాలోని కొలంబస్ పట్నంలో ఆటకు ముందు బృందంలో చాలామంది జీతాల గురించీ పని పరిస్థితుల గురించీ బ్రౌన్‌ను నిలదీశారు, లేకపోతే వాయించమన్నారు. బ్రౌన్ తన సొంత విమానాన్ని సిన్సినాటికి పంపి అక్కడి కుర్రవాళ్ల బృందాన్ని ఒకదాన్ని దింపాడు. వాళ్లలో బేస్ గిటారు వాయించే బూట్సీ కాలిన్స్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. బ్రౌన్‌ను ఆరాధిస్తూ అతని పాటలన్నీ కంఠతా పట్టినవాళ్లు గనకనే ఆ రాత్రి రిహార్సలు లేకుండా వేదిక ఎక్కగలిగారు. మన భాషలో చెప్పాలంటే సమ్మెను అభిమానులచేత భగ్నం చేయించాడు. ఆ కుర్రవాళ్లను తిట్టటంవల్ల ప్రయోజనం లేదు. బీదవాళ్లు, తమ ఆరాధ్య దైవంనుంచి పిలుపు వస్తే కాదనలేకపోయారు. ఏడాది తిరిగేసరికి వాళ్లూ ఆ బృందంనుంచి బయటపడ్డారు. వ్యక్తిపూజ ఎవరి చేతిలో ఆయుధమవుతుందో ఈ ఉదంతం చెబుతుంది.

డ్రమ్ము వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. అతను టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో పుట్టాడు. చిన్నప్పుడు చుట్టుపక్కల ఫాక్టరీలూ రైళ్లూ చేసే చప్పుళ్లలోనే తనకు లయ పట్టుబడిందని చెప్పుకునేవాడు. 1969 నవంబరులో రికార్డయిన "ఫంకీ డ్రమ్మర్" పాటలో ఇరవై సెకన్ల పాటు అతను ఒక్కడే వాయిస్తాడు. తరవాతి తరం హిప్‌హాప్ కళాకారులు ఆ ముక్కను కోసి వందలకొద్దీ పాటల్లో అతికించుకున్నారు. పాటకు కర్తగా ఉన్న పేరు బ్రౌన్‌ది. యంత్రాల చప్పుడునుంచి లయ తీసినవాడికి రాయల్టీ హక్కు లేకపోయింది. అతనికి కాన్సర్ వచ్చినప్పుడు, అతని వాద్యమంటే ఇష్టపడే గాయకుడు ప్రిన్స్ వైద్యం బిల్లులు చెల్లించాడు. అది ఔదార్యమే, కాదనను. కాని ఔదార్యం కూలికి బదులు కాదు. స్టబుల్‌ఫీల్డ్ 2017లో చనిపోయాడు.

రాజకీయంగా చూసినా ఈ జ్ఞాపకాలకు ఇటువంటి పరీక్షే పెట్టాలి. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. మర్నాటి రాత్రి బోస్టన్ గార్డెన్‌లో బ్రౌన్ ఆట ఉంది. నగరంలో మంటలు లేస్తాయని భయపడి మేయర్ కెవిన్ వైట్ ముందు ఆట ఆపుదామనుకున్నాడు. ఆపితేనే ప్రమాదమని నగర మండలిలోని నల్లజాతి సభ్యుడు టామ్ అట్కిన్స్ నచ్చజెప్పాడు. ఆటను టెలివిజన్‌లో ప్రసారం చేశారు. 14,000 మంది పట్టే హాలుకు సుమారు 2,000 మంది వచ్చారు, తక్కినవాళ్లు ఇళ్లలో కూచుని చూశారు. చివరలో కొందరు కుర్రవాళ్లు వేదిక ఎక్కితే పోలీసులు తోసెయ్యబోయారు. బ్రౌన్ పోలీసులను వెనక్కు పంపి, కుర్రవాళ్లతో తనే మాట్లాడి దింపాడు. ఆ రాత్రి అతను బోస్టన్‌ను కాపాడాడని చాలామంది జ్ఞాపకం. ప్రాణాలు నిలబడ్డాయి గనక ఆ కృతజ్ఞతను ఎవరూ ఎగతాళి చెయ్యకూడదు. అయితే ఆ శాంతి ఎవరికి ఎంత ఉపయోగించిందన్న ప్రశ్న వెయ్యకుండానూ ఉండలేం. దుకాణాలు భద్రంగా ఉన్నాయి. నల్లవాళ్ల పేటల్లో ఇళ్లూ బళ్లూ ఉద్యోగాలూ ఏ స్థితిలో ఉన్నాయో అలాగే ఉన్నాయి.

అదే సంవత్సరం ఆగస్టులో అతను నల్లవాడిగా పుట్టినందుకు గర్విస్తున్నానని ఎలుగెత్తి చెప్పే పాటను రికార్డు చేశాడు, పిల్లలచేత వంత పాడించాడు. ఒక తరం తనను తాను పిలుచుకునే తీరునే మార్చింది ఆ పాట. 1972లో అదే మనిషి నిక్సన్‌ను బలపరిచాడు. అప్పుడు నల్లజాతి అభిమానులు ఊరుకోలేదు, అతని ఆటలముందు నిరసన ప్రదర్శనలు చేశారు. చేతిలో టిక్కెట్టు ఉన్నంతమాత్రాన అభిమాని బుద్ధి తాకట్టు పెట్టడని దీనివల్ల తెలుస్తుంది. ఆడవాళ్లమీద అతను చేసిన దౌర్జన్యాలు కూడా పోలీసు రికార్డులకెక్కినవే. వీటిని మినహాయించి జ్ఞాపకాలు రాయటం అబద్ధమాడటం కిందికే వస్తుంది.

ఈ సంగతులన్నీ తెలిశాక మన మిత్రులు కొందరు, ఇంతటి జరిమానాల యజమానిని, నిక్సన్ మద్దతుదారును అభ్యుదయ విమర్శ పట్టించుకోవటం ఎందుకంటారు. ఇంకొందరు, కళ వేరు, మనిషి వేరు, ఆ చెమట చూసి ఆనందించమంటారు. మొదటివారు ఆ హాళ్లలో కూచున్న లక్షల శ్రామికులను కూడా అతనితోపాటు మూలకు తోసేస్తున్నారు. రెండవవారు వాద్యకారుల చెమటను అతని ఖాతాలో జమవేస్తున్నారు.

నా దృష్టిలో అభిమానుల జ్ఞాపకం చెప్పిన ముఖ్యవిషయం నిజం. వాళ్లు చూసింది శ్రమను, శ్రమకు దక్కిన గౌరవాన్ని. అయితే ఆ శ్రమనంతా ఒక్కడి ఒంటిమీదనే చూశారు. అది వాళ్ల తప్పు కూడా కాదు. దీపాలు ఒక్కడిమీదనే పడేటట్టు వేదిక కట్టారు, ప్రకటనలు రాశారు, హక్కుపత్రాలు తయారుచేశారు. 2006 క్రిస్మస్ నాడు బ్రౌన్ చనిపోయాడు. మూడు రోజుల తరవాత అపోలో వేదికమీద అతని భౌతికకాయాన్ని ఉంచితే హార్లెం వీధుల్లో వేలమంది బారులు తీరారు. వాళ్ల జ్ఞాపకాల్లో ఎవరెవరి శ్రమ కలిసి ఉన్నదో విడదీసి, డ్రమ్ము కొట్టినవాడి వాటా, బాకా ఊదినవాడి వాటా, కేక పెట్టిన పనిమనిషి వాటా పేరుపేరునా తేల్చి చెప్పటమే విమర్శ చెయ్యవలసిన పని. మన దేశంలో ప్రదర్శన కళలమీద రాసేవాళ్లకు కూడా ఈ పని చాలా మిగిలి ఉంది.