మెహ్రీ రాయలేని ఉత్తరాలు

మర్జానె సత్రపి ‘పెర్సెపోలిస్’ గురించి ఎవరిని అడిగినా ముందు ముసుగు సంగతే చెప్తారు. పుస్తకం మొదలయ్యేదే అక్కడ మరి. 1980, టెహ్రాన్, పదేళ్ల మార్జి, తల మీద కొత్తగా వచ్చిపడ్డ గుడ్డ. డిగ్రీలో ఉండగా మొదటిసారి చదివినప్పుడు నేనూ దీన్ని అలాగే చదివాను. మైకేల్ జాక్సన్ బ్యాడ్జి పెట్టుకుందని వీధిలో ఆపేసే ఆడ గార్డులు, అమ్మానాన్నా టర్కీ నించి కోటు లోపల పెట్టి కుట్టి తెచ్చిన ఐరన్ మెయిడెన్ పోస్టరు... భలే నచ్చేశాయి. మార్జి అంటే నేనే అనుకున్నా.

ఈమధ్య మళ్లీ చదివితే, మార్జి కన్నా ఆ ఇంట్లో పనిచేసేవాళ్లే ఎక్కువ కనపడ్డారు.

మెహ్రీ ఎనిమిదేళ్లప్పుడే పనికొచ్చేసింది. మార్జిని పెంచింది తనే, ఇద్దరూ పడుకునేది ఒకే గదిలో. పక్కింటి అబ్బాయి మీద మనసు పడింది, కానీ చదవడం రాయడం రాదు. ఆమె తరఫున ప్రేమలేఖలు రాసేది మార్జి. మెహ్రీ ఆ ఇంటి ఆడపిల్లేనని అబ్బాయి నమ్ముతాడు. సంగతి నాన్న దాకా వెళ్తుంది. ఆయన మార్క్సు చదివినవాడు, షాకి వ్యతిరేకంగా ఊరేగింపులకి వెళ్లేవాడు. ఆయనే స్వయంగా పక్కింటికెళ్లి ఆ అమ్మాయి మా పనిమనిషి అని చెప్పేస్తాడు. అబ్బాయి ఉత్తరాలన్నీ తిరిగిచ్చేస్తాడు. ఆయన దుర్మార్గుడేం కాదు, లోకం తీరు ఇంతే అని కూతురికి నెమ్మదిగానే చెప్తాడు. సత్రపి ఇక్కడ నాన్నని తిట్టదు, వెనకేసుకురాదు. మంచం మీద ఆ ఇద్దరమ్మాయిల్ని పక్కపక్కన గీసి వదిలేస్తుంది. మా ఇంట్లో పదకొండేళ్లు పనిచేసినావిడ పేరు నాకు తెలుసు, ఇంటిపేరు తెలీదు. ఆ పేజీ దగ్గర నాకు గుర్తొచ్చింది అదే.

మర్నాడు మార్జి మెహ్రీని వెంటబెట్టుకుని, ఇంట్లో వద్దన్నా ఊరేగింపుకి వెళ్తుంది. ఆ రోజు 1978 సెప్టెంబర్ 8, సైన్యం జనం మీద కాల్పులు జరిపిన ‘నల్ల శుక్రవారం’. ఇంటికొచ్చాక అమ్మ చేతిలో ఇద్దరికీ చెంపదెబ్బలు. ఇద్దరి బుగ్గల మీదా అచ్చంగా ఒకేలాంటి వేళ్ల గుర్తులు! సమానత్వం అనే మాట అస్తమానూ వినపడే ఆ ఇంట్లో వాళ్లిద్దరికీ సమానంగా దక్కినవి అవే. ఆ తర్వాత మెహ్రీ మనకి పెద్దగా కనపడదు.

తర్వాత యుద్ధం వస్తుంది, ఇంట్లో పనికి నస్రీన్ వస్తుంది. ఆమె కొడుక్కి బళ్లో బంగారు రంగు వేసిన ప్లాస్టిక్ తాళంచెవి ఇచ్చారు. యుద్ధంలో చచ్చిపోతే స్వర్గం తలుపు దానితో తెరుచుకుంటుందట. మార్జి తన కజిన్‌కి ఫోన్ చేసి, మీ బళ్లో కూడా ఇచ్చారా అని అడుగుతుంది. తాళంచెవా? అదేంటి? అతనికి అర్థమే కాదు. పైగా పార్టీకి రమ్మంటాడు.

ఆ పేజీ గురించి చాలామంది రాశారు, అయినా నేనూ రాయకుండా ఉండలేను. పైన పెద్ద బొమ్మ: మెడల్లో తాళంచెవులతో, మందుపాతరల మీద గాల్లోకి ఎగిరిన పిల్లల నల్లటి నీడలు. కింద చిన్న బొమ్మ: పార్టీలో గెంతుతున్న పిల్లలు, వాళ్లలో అమ్మ చిల్లులు పెట్టి అల్లిన స్వెట్టరేసుకుని, మెడలో గొలుసులూ మేకులూ వేలాడేసుకున్న మార్జి. రెండు బొమ్మల్లోనూ ఒళ్లు దాదాపు ఒకేలా వంకర్లు తిరుగుతుంది. నలుపూ తెలుపే తప్ప మధ్యలో బూడిదరంగు కూడా వాడని గీత కదా, దాక్కోడానికి చోటే లేదు. నస్రీన్ కొడుకు బతికాడని మాత్రం ఒక్క ముక్కలో చెప్తుంది.

ఈ పుస్తకంలో మార్జిలు ఇద్దరు. ఒకరు అనుభవించే పిల్ల, ఇంకొకరు ఆ పిల్లకి తెలియనిది కూడా చూస్తూ బొమ్మ గీసే పెద్దామె. వాళ్లిద్దరి మధ్యా ఎడం ఉన్నంతసేపూ పుస్తకం అద్భుతం. ఆ ఎడం పోయిన చోటే నాకు పేచీ.

అంకుల్ తాహెర్‌కి గుండెజబ్బు. ఆపరేషన్‌కి విదేశం పంపాలంటే ఆసుపత్రి డైరెక్టర్ ఒప్పుకోవాలి. తీరా వెళ్తే ఆ డైరెక్టర్ ఎవరు? ఒకప్పుడు వీళ్లింట్లో కిటికీలు తుడిచినవాడు. ఇప్పుడు గడ్డం పెంచాడు, సూటేశాడు, ఆడవాళ్ల మొహంకేసి చూడడు, అంతా దేవుడి దయ అంటాడు. భర్త చావుబతుకుల్లో ఉన్న ఆ భార్య కోపం నాకు అర్థమవుతుంది. పాస్‌పోర్టు ఆయన్ని పూడ్చిపెట్టిన రోజుకి గానీ రాదు. ఆ డైరెక్టర్ అసమర్థుడే, కాదనను. కానీ అధ్యాయం వెటకారంలో సగం అతను కిటికీలు తుడిచేవాడన్న దాని మీదే నడుస్తుంది. ఇక్కడ పిల్ల చూసిందే పెద్దామె కూడా చూసింది. నాన్న కెడిలాక్ కారెక్కడానికి సిగ్గుపడ్డ పిల్ల, మెహ్రీ పక్కన పడుకున్న పిల్ల ఈ గదిలోకి రాలేదు. కిటికీలు తుడిచే మనిషి ఆ గడ్డం దాకా ఎలా వచ్చాడో తెలుసుకోవాలని నాకుంది. పుస్తకానికి లేదు.

1984లో అమ్మానాన్నలు పద్నాలుగేళ్ల మార్జిని వియన్నా పంపించేస్తారు. విమానాశ్రయంలో మార్జి వెనక్కి తిరిగి చూస్తే, అద్దానికి అవతల స్పృహ తప్పిన అమ్మని నాన్న చేతుల మీద మోసుకెళ్తుంటాడు. నేను రెండుసార్లూ ఏడ్చాను. రెండోసారి మాత్రం, ఏడుస్తూనే టిక్కెట్టు ఎంతయ్యుంటుందో అనుకున్నా.