‘వద్దు’ అను మాట: ఆంగ్లమున నిషేధ, నిరాకరణ పదములు

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఇంట తెలుగు, కచేరిలో కన్నడము, పుస్తకమున ఇంగ్లీషు నడుచును. అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు చెప్పుకొను నాకు, ఇంగ్లీషు ఉపాధ్యాయులు సెలవు పెట్టిన దినములలో ఆ తరగతిని కూడ చూడవలసి వచ్చుచుండును. అట్టి ఒక దినమున విదురాశ్వత్థమును గూర్చి అయిదు ఇంగ్లీషు వాక్యములు వ్రాయుడని పిల్లలకు చెప్పితిని. గౌరిబిదనూరు తాలూకాలోని ఆ క్షేత్రమున 1938 ఏప్రిల్ 25న నిషేధాజ్ఞ అమలులో నుండగనే ప్రజలు జెండా సత్యాగ్రహమునకు గుమిగూడుట, మైసూరు సంస్థానపు పోలీసులు కాల్పులు జరుపుట, పలువురు ప్రాణములు విడుచుట మావైపు అందరెరిగిన చరిత్రయే.

ఒక బాలిక వ్రాసిన వాక్యముల తాత్పర్యమిది: ప్రభుత్వము జెండాను ‘ఫర్బిడ్’ చేసెను, ప్రజలు ఆ ఆజ్ఞను ‘ఫర్బిడ్’ చేసిరి. రెండవచోట ‘రెఫ్యూజ్’ వంటి మాట ఉండవలెను. ఏల ఇట్లు వ్రాసితివని అడుగగా, “రెండూ ఒద్దనడమే కదా సార్?” అని ఆమె బదులు చెప్పినది.

ఆమె తెలుగులో దోషము లేదు. బిడ్డ బావికడకు పోవుచుండగా తల్లి ‘వద్దు’ అనును. విస్తరిలో మరొక గరిటె వడ్డింపబోగా అతిథియు ‘వద్దు’ అనును. మొదటిది నిషేధము, రెండవది నిరాకరణము. ‘వలయు’ ధాతువునుండి వచ్చిన ‘వలదు’ అను రూపమే వాడుకలో ‘వద్దు’ అయినది. దాని మూలార్థము ‘అక్కరలేదు’ అనుటయే. అక్కరలేనిది ఎదుటివాని పనియా, ఎదుటివాడిచ్చు వస్తువా అను విచారణ ఆ మాటలో లేదు. కన్నడమున ‘బేకు’నకు ప్రతిగా నిలిచిన ‘బేడ’యు అట్టిదే. కాబట్టి మా పిల్లలకు తెలిసిన రెండు భాషలును ఈ విషయమున ఒకే త్రోవ చూపును. ఆ త్రోవ ఇంగ్లీషున రెండుగా చీలునని వారికి చెప్పినవారు లేరు.

ఇంగ్లీషువాడు మొట్టమొదట చూచునది అధికారమెవరిదని. ‘ఫర్బిడ్’ అనువాడు ఎదుటివానిపై చెల్లుబాటు గలవాడు: తండ్రి, గురువు, రాజు. ‘ప్రొహిబిట్’ లాటిను పుట్టువు గలది. ఎదుట అడ్డుపెట్టి ఆపుటను తెలుపు ఆ మాట నేడు శాసనములకు, ప్రకటన పలకలకు అలవాటైనది. ‘బ్యాన్’ చరిత్ర మరింత రమ్యము. ప్రాచీన జర్మానిక భాషలలో అది నలుగురెదుట చాటుట అను అర్థము గలది. క్రైస్తవ దేవాలయములలో పెండ్లికి ముందు చేయు ప్రకటనమునకు నేటికిని నిలిచియున్న పేరు ఆ కుటుంబములోనిదే. అనగా ‘బ్యాన్’ చెవిలో చెప్పు మాట కాదు, దండోరా వేయు మాట. ఇక ‘రెఫ్యూజ్’ అనుటకు అధికారము అక్కరలేదు. అడుగువాడొకడు, ఇచ్చువాడొకడు, ఆజ్ఞాపించువాడొకడు ఎదుట ఉన్న చాలును. అన్నము పెట్టినను, ఆజ్ఞ పెట్టినను, ఒల్లననుట బానిసకును సాధ్యమే. విదురాశ్వత్థమున ప్రజలు చేసినది ఇదియే. వారికి నిషేధించు అధికారము లేదు; అది లేకయే వారు నిలిచిరి. బాలిక వాక్యమును ఉన్నట్లే విడిచినచో ఆ నిలుకడ విలువ మఱుగుపడును.

మన పాఠ్యపుస్తకముల చివర నుండు పదపట్టికలు ఇట్టి భేదములను లెక్కింపవు. ‘ఫర్బిడ్’, ‘ప్రొహిబిట్’, ‘బ్యాన్’ మూడింటి ఎదుటను ‘నిషేధించు’ అని ఒకే మాట వ్రాసి ముగింతురు. కొన్నిచోట్ల అది చెల్లును. భారత రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతాచరణకు మొదటి క్రియను, 23వ అధికరణమున వెట్టిచాకిరికి రెండవదానిని వాడినది; రెండును శాసనవాక్యములే కనుక తెలుగున ఒకే మాటతో నెగ్గుకొని రావచ్చును. అవ్వ మనుమని ఎండలోనికి పోవలదన్నను ‘నిషేధించెను’ అని వ్రాయించుట మాత్రము హాస్యాస్పదము. అచట ‘వారించెను’ అను చక్కని మాట ఉండనే ఉన్నది. ‘రెఫ్యూజ్’నకు ‘తిరస్కరించు’ అని వ్రాయుటయు నాకు సమ్మతము కాదు. ఆ మాటలో అవమానపు ఛాయ కలదు. మజ్జిగ చాలునన్న అతిథి ఎవరిని తిరస్కరించెను?

ఒకప్పుడు తెలుగునకు ఈ లోపము లేదు. ‘ఒల్లను’ అను క్రియ నిరాకరణమునకే ఏర్పడినది. దాని తోబుట్టువైన ‘ఒల్లె’ ఉత్తర కర్ణాటకమున నేటికిని జనుల నోట నున్నది. మా బడిపిల్లలకో, అది పద్యములలో మాత్రమే ఎదురగు మాట.

నిషేధమున సైతము తెలుగునకు మెట్లు కలవు. ‘వద్దు’ చెప్పువాని ఇచ్ఛ, ‘కూడదు’ ఆచారము, ‘రాదు’ నియమము. ఆంధ్ర రాష్ట్రపు బస్సులో ‘పొగ త్రాగరాదు’ అని ఉండును. ‘వచ్చు’నకు వ్యతిరేకరూపమైన ఆ ‘రాదు’లో ఆపువాని జాడయే లేదు. కన్నడ ‘బారదు’ కూడ ‘బరు’ నుండి అట్లే పుట్టినది. అయినను కన్నడ బస్సులలో ‘ధూమపాన నిషేధిసలాగిదె’ అని కనబడును; ఎవరో నిషేధించి తెరవెనుకకు తప్పుకొనిరి. బాగేపల్లి బస్సు నిలయమున రెండు రాష్ట్రముల బస్సులను చూచు పిల్లలకు ఇంతకంటె మంచి వ్యాకరణ పాఠము దొరకదు.

వీటన్నింటికంటె ప్రమాదకరమైనది ‘నిర్బంధము’. కన్నడమున ‘ప్రవేశ నిర్బంధ’ మనగా ప్రవేశమునకు అడ్డు. తెలుగున ‘నిర్బంధ విద్య’ యనగా తప్పక పొందవలసిన విద్య; దానిని కన్నడము ‘కడ్డాయ’ మనును. 2009 నాటి విద్యాహక్కు చట్టమును గూర్చి తెలుగున చదివించుచు అర్థమడిగితిని. ఒక బాలుడు లేచి, పదునాలుగేండ్లలోపు వారు బడికి పోగూడదని సర్కారు చట్టము చేసినదని చెప్పెను. తరగతి నవ్వలేదు. పలువురికి అర్థమైనదియు అదియే.

నాటినుండి నల్లబల్లపై అర్థము వ్రాయుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుచున్నాను: కాదనువాడెవడు, ఎవరితో ననుచున్నాడు, అడుగక మునుపా అడిగిన పిదపనా? ఆ బాలిక ‘ఫర్బిడ్’ను తానే కొట్టివేసి ‘రెఫ్యూజ్’ అని దిద్దుకొన్నది. ప్రక్కన కుండలీకరణములలో తెలుగున ‘ఒల్లమనిరి’ అని వ్రాసినది.