సువార్తలయందలి క్షమాశబ్దము

క్రైస్తవధర్మమున క్షమ ప్రధానమనుట యెల్లరెఱిఁగినదే. ఆ క్షమ యెట్టిదను విషయమున మాత్రము మన పండితులలో రెండు పక్షములు గలవు. మన పురాణములయందలి క్షాంతియే యదియని కొందఱు. బలహీనునకు విధింపఁబడిన యూఱట యని మఱికొందఱు. ఈ రెండుతీర్పులును తెలుఁగనువాదమందలి యొక్క పదమును బట్టి చేయఁబడినవి గాని మూలమును బట్టి కాదు. కావునఁ బదవిచారమే ముందు చేయఁదగును.

క్షమూష్ ధాతువునకుఁ బాణినీయధాతుపాఠము సహనార్థము చెప్పినది. అపరాధమును సహించువాఁడు దానిని మోయుచున్నాఁడు, అది తొలఁగిపోలేదు. యవనభాషలో సువార్తికులు వాడిన క్రియ 'అఫియేమి'. దానికి విడుచుట, పోనిచ్చుట యని యర్థము. ఇది కేవలము మతపరిభాష గాదు, నిత్యవ్యవహారములోని మాట. మత్తయిసువార్త నాలుగవ యధ్యాయమున జాలరులు వలలను విడుచుటకును, ఎనిమిదవ యధ్యాయమునఁ బేతురు అత్తను జ్వరము విడుచుటకును నీక్రియయే వచ్చినది. ఆఱవ యధ్యాయమందలి ప్రార్థనలో నిదియే ఋణములపట్లఁ బ్రయుక్తమైనది. లూకా యా ప్రార్థననే వ్రాయుచు ఋణములకు మాఱు పాపములనెను; అయినను రెండవభాగమున ఋణపడినవాఁ డనుమాటను వదలలేదు.

అప్పును విడుచుట, కొట్టివేయుట మన వ్యవహారమునఁ గలవు. అప్పును క్షమించుట యనునది మాత్రము సువార్తానువాదము తెచ్చిన ప్రయోగము. డెగ్రాంజెస్ దొరయు ఆనందరాయలును జేసిన సువార్తల యనువాదము 1812లో శ్రీరాంపురమున నచ్చుపడినది. తరువాతఁ బెక్కుసంస్కరణములు జరిగినవి. నేఁడు లోకమున నెక్కువగా వాడఁబడు పాఠమునే నేనిట విచారించుచున్నాను.

మత్తయి పదునెనిమిదవ యధ్యాయమందలి దృష్టాంతకథ యీ విచారమునకు నికషోపలము. ఒక దాసుఁడు రాజునకుఁ బదివేల తలాంతులు అచ్చియున్నాఁడు. తలాంతు 6,000 దేనారములు. దేనారము ఆ దేశమున నొకనాఁటి కూలి. అనఁగా ఆఱుకోట్ల దినముల కూలి! తీర్చునది గాదు. అయినను దాసుఁడు సాగిలపడి యడిగినదేమి? 'ఓర్చుకొను'మని. మూలమునఁ 'మక్రోథుమేయిన్', అనఁగాఁ గోపమును దీర్ఘకాలము పట్టియుంచుకొనుట, గడు విచ్చుట. రాజు గడు వీయలేదు, అప్పునే విడిచెను. అడిగినది సహనము, దొరకినది మోచనము. ఈ భేదమే కథకుఁ బ్రాణము. ఆ దాసుఁడే వెలికి వచ్చి నూఱు దేనారములకుఁ దోడిదాసుని గొంతు పట్టుకొనెను. వాఁడును అదేమాటతో గడువు వేఁడెను. వానికి గడువును లేకపోయెను. అనువాదకులు మొదటిదానికి 'ఓర్చు' ధాతువును, రెండవదానికి 'క్షమించు' ధాతువును వాడి భేదమును నిలుపఁ జూచినారు. కాని సంస్కృతమెఱిఁగినవానికి రెండును సహనార్థకములే గాన భేదము చెవికిఁ దోఁపదు. ఇది యనువాదమునఁ గల నిజమైన కొఱఁత.

భారతమందలి క్షమతో నిది యేకమనువారి కిఁక నొక ప్రశ్న. అరణ్యపర్వమున ద్రౌపది ధర్మజుని క్షమను నిందించినది. అతఁడు దానిని సమర్థించినాఁడు. ఆ సమర్థన మహోదాత్తమే. అయినను ధర్మజుఁడు రాజ్యభాగమును విడిచెనా? సమయము తీఱినపిదప నడిగినాఁడు. అతని క్షమ గడువిచ్చు క్షమ. దృష్టాంతకథలోని రాజు చేసినది వేఱు. ఒకటి యెక్కువ, ఒకటి తక్కువ యని నేననను. పేరొకటియగుటచే వస్తువొక్కటియనుట మాత్రము శాస్త్రము గాదు.

రెండవపక్షమువారి మాట యంతకంటె దుర్బలము. క్షమావంతుని లోకము అశక్తుఁడని తలఁచునని విదురుఁడే చెప్పి, ఆ తలఁపును ఖండించినాఁడు. మఱియు అమరసింహుఁడు నానార్థవర్గమున క్షమాశబ్దమునకు భూమియు క్షాంతియు నర్థములని చెప్పి, క్షమశబ్దమునకు శక్తుఁడనుటయుఁ జెప్పెను. అక్షముఁడన నసమర్థుఁడు గదా! తెలుఁగు 'ఓర్చు' ధాతువును ప్రాచీనకావ్యములలో సహించుటయందే గాక జయించుటయందును బ్రయుక్తము. మేలుచేతఁ గీడును జయింపుమని రోమీయుల పత్రికలోఁ బౌలు చెప్పిన భావ మీ ధాతువునం దిమిడియున్నది. మూలపదమునకు లేని యీ బలధ్వని మన పదములకుఁ గలదు. కొఱఁత చెప్పినవాఁడు లాభమును జెప్పవలయును.

ప్రేమశబ్దమునఁ జిక్కు హెచ్చు. ప్రియశబ్దముపై నిమనిచ్ ప్రత్యయము రాఁగాఁ బ్రకృతికిఁ 'బ్ర' యాదేశమై యీరూపము సిద్ధించును, ప్రియునిభావమే ప్రేమ. అట్లైన శత్రువును ప్రేమించుట యెట్లు? అప్రియునియందుఁ బ్రియభావము వ్యాహతము గాదా? యోగసూత్రములఁ బతంజలి (వైయాకరణులకు భాష్యమే ముందు స్ఫురించును, ఇచట యోగమే ప్రస్తుతము) సుఖులయందు మైత్రిని, దుఃఖితులయందుఁ గరుణను, పుణ్యులయందు ముదితను చెప్పి, అపుణ్యులయం దుపేక్షను విధించినాఁడు. యేసు ఉపేక్షకుఁ జోటీయలేదు. మత్తయి యైదవ యధ్యాయమున శత్రుప్రేమను విధించిన వెంటనే చెడ్డవారిపైఁ బొడుచు సూర్యుని, అనీతిమంతులపైఁ గురియు వానను జూపినాఁడు. లూకా దానిని మేలుచేయుటగాఁ దెలిపెను. కావున 'అగపాన్' అను క్రియకు ఇచట మనస్సు కరఁగుట ముఖ్యము గాదు, హితాచరణమే ముఖ్యము. యోహాను కడపటి యధ్యాయమున నీ క్రియకును 'ఫిలేయిన్' అను క్రియకును భేదము గలదని కొందఱందురు. నాకది నిలువదని తోఁచును.

సిలువమీఁది క్షమాప్రార్థన లూకాసువార్తలోఁ గలదు గాని, వాటికను వ్రాతప్రతి మొదలగు కొన్ని ప్రాచీనప్రతులలో లేదు. స్తెఫను మరణకాలప్రార్థన అట్లు ప్రతులలోఁ గొఱవడినది గాదు. అపొస్తలుల కార్యముల యేడవ యధ్యాయమున రాళ్లు రువ్వఁబడుచు నతఁ డాడిన మాటలో మూలక్రియ 'అఫియేమి' గాదు. నిలుపుట యనునర్థము గలది, మన ష్ఠాధాతువునకు జ్ఞాతి. తెలుఁగు అనువాదకుఁ డిచట 'క్షమించు' అనక 'మోపకుము' అనినాఁడు. ఈ గ్రంథమున నింతకంటె నొప్పిదమైన తెలుఁగుమాట నాకుఁ గనఁబడలేదు. అపరాధము బరువైనచోఁ దానిని నేరస్థుని తలపై మోపకుండుట మోచనమే. ఆనాఁడు రువ్వినవారి వస్త్రములు సౌలను యువకుని పాదములయొద్దఁ బెట్టఁబడినవి. అతఁడే పిదపఁ బౌలు. అంతరంగపురుషుని బలమును గూర్చి యెఫెసీయులకు వ్రాసిన పత్రిక యతనిపేరనే యున్నది.