వైన్‌లో పనిచేసే పొర

వైన్ సీసా అడుగున ఒక్కోసారి గాజుముక్కల్లా మెరిసే స్ఫటికాలు కనిపిస్తాయి. అది పొటాషియం బైటార్ట్రేట్. ఒంటికి హాని లేదు కానీ, కొన్నవాళ్లు బెదిరిపోతారు. ఈ లవణం నీళ్లలో కరిగినంతగా ఆల్కహాల్ కలిసిన నీళ్లలో కరగదు. అందుకని వైన్‌ను సున్నా డిగ్రీల కిందికి చల్లబరిచి, రోజుల తరబడి ఉంచి, ముందే రాల్చేయడం పాత పద్ధతి. ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న, కరెంటుతో అయాన్లను లాగే ఎలక్ట్రోడయాలిసిస్ పద్ధతిలో ఈ పని పలుచటి ప్లాస్టిక్ పొరలకు అప్పగించారు.

ఇలాంటి పొరల్లో బాగా వాడుకలో ఉన్న రకం పాలీస్టైరీన్‌ది. దాని గొలుసులకు సల్ఫోనేట్ సమూహాలను అతికిస్తారు. కదలని ఆ రుణావేశాల మధ్య నుంచి పొటాషియం వెళ్లిపోతుంది, టార్ట్రేట్‌కు మాత్రం దారి దొరకదు. టార్ట్రేట్ పోయేది ధనావేశమున్న పక్క పొర గుండా. ఆవేశం లేని ఆల్కహాల్‌ను కరెంటు లాగదు. కాస్త జారిపోయినా, వైన్‌లో దాని శాతం 0.1కి మించి తగ్గరాదని యూరప్ నిబంధన.

అసలు పనితనమంతా గొలుసులను ముడివేసే డైవినైల్‌బెంజీన్ మోతాదులో ఉంది. ముడులు తక్కువైతే పొర ఉబ్బి, ఆవేశాలు దూరం జరిగి, ఎంపిక సడలుతుంది. ఎక్కువైతే అయాన్లు కదల్లేవు. నీళ్లకు సరిపోయిన ఈ లెక్కను ఆల్కహాల్ కదిలిస్తుంది. ఆవేశాల మధ్య ఆకర్షణను ద్రవం ఎంత అణచగలదో చెప్పే డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 25 డిగ్రీల దగ్గర నీటికి 78, వైన్‌లోని ఆల్కహాలైన ఇథనాల్‌కు 24. అది తగ్గేకొద్దీ పొటాషియం సల్ఫోనేట్‌ను మరింత గట్టిగా పట్టుకుంటుంది. అలా జతకట్టిన అయాన్ కదలదు, ఆ సల్ఫోనేట్‌కూ రుణ అయాన్లను నెట్టేసే బలం ఉండదు. పైగా నీళ్లూ ఇథనాల్ ఇంచుమించు సగం సగం కలిస్తే, విడివిడిగా రెండింటికీ లేనంత చిక్కదనం వస్తుంది, నీటికి రెట్టింపు పైనే. వైన్‌లో ఆల్కహాల్ పన్నెండు, పదమూడు శాతమే గనుక ఇబ్బంది అంత దూరం పోదు.

పేరున్న నాఫియాన్ కథ వేరు. డ్యూపాంట్‌లో వాల్టర్ గ్రోట్ తయారుచేసిన ఈ ఫ్లోరిన్ పొరలో రసాయన ముడులు లేవు, గొలుసుల స్ఫటిక భాగాలే దాన్ని పట్టి ఉంచుతాయి. ఇథనాల్ కలిసిన నీళ్లలో అది మామూలు నీళ్లలో కంటే ఎక్కువ ఉబ్బుతుంది. మూసిన పాత్రలో 250 డిగ్రీల దాకా వేడిచేస్తే ఆ మిశ్రమంలోనే కరిగిపోతుంది కూడా. క్షారంలోనూ క్లోరిన్‌లోనూ ఏళ్లు నిలిచే పొర ఇది! ఆల్కహాల్ దగ్గర మాత్రం నా ఓటు ముడులున్న పాలీస్టైరీన్‌కే, అందులోనూ లోపల నేతబట్ట పెట్టి పోసిన రకానికి. ద్రావణి మారినప్పుడు పొర సాగి ముడతలు పడకుండా ఆ బట్ట పట్టి ఉంచుతుంది.